తడి నాచుకు తేమ పరీక్ష

ఊరు తిరిగొచ్చినవాళ్లను అందరూ రెండే అడుగుతారు: ఏం చూశావు, ఏం తెచ్చావు? ఆర్మూరు నుంచి బయలుదేరి జనగామ, మానుకోట, భూపాలపల్లి చుట్టి వచ్చిన నేను తెచ్చుకున్నది చేతుల మీద దద్దుర్లు, ఒక కొత్త జత చెప్పులు, ఇంకా చల్లారని కోపం. దద్దుర్లు మానాయి. చెప్పులు బాగానే ఉన్నాయి. కోపం మాత్రం రాస్తే తప్ప పోయేలా లేదు.

నేను ఆర్మూరులో జూనియర్ కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. నాతో ఎమ్మెస్సీ చదివిన శీను భూపాలపల్లి దగ్గర ఒక చిన్న ప్లాంటు చూసుకుంటున్నాడు. చెరువుల్లో పెరిగే నాచు నుంచి నూనె తీసే ప్లాంటు. ఒకసారి వచ్చి చూడమని ఎప్పటినుంచో పిలుస్తున్నాడు. జనవరి ఆఖర్లో కాస్త సెలవు దొరికింది. నేరుగా భూపాలపల్లి బస్సెక్కకుండా చుట్టుదారి పట్టాను. ఆ నాచును ఎవరు తీస్తారో, ఎక్కణ్నుంచి వస్తుందో కూడా చూసుకుంటూ పోదామని నా ఆశ.

ముందు ఆ నూనె సంగతి చెప్పాలి. నాచును నీళ్లతో సహా గట్టి ఉక్కు పాత్రలో పోసి మూత బిగిస్తారు. మూడు వందల డిగ్రీల దాకా వేడి చేస్తారు. మూత బిగించి ఉంది కాబట్టి నీళ్లు ఆవిరై పోలేవు. ఒత్తిడికి లోపలే నీళ్లుగా ఉండిపోయి, నాచును పూర్తిగా విరగ్గొట్టేస్తాయి. చల్లార్చి మూత తీస్తే తారులాంటి నల్లటి నూనె కనిపిస్తుంది, ముక్కు మూసుకునే కంపుతో. దాన్ని శుద్ధి చేస్తే ఇంజన్లకు ఇంధనం అవుతుంది. మన వంటింట్లో కుక్కర్‌కు పెద్దన్న అనుకోండి. ఈ పద్ధతిలో గొప్పతనమంతా ఒక్కటే. నాచును ఎండబెట్టక్కర్లేదు. వేరే పద్ధతుల్లో దాన్ని ఎండబెట్టడానికే బోలెడంత వేడి తగలేయాలి. ఇక్కడ ఆ తడే పని చేస్తుంది. పాఠం ఇంతే. నా కోపానికి కారణం కూడా ఇదే.

జనగామ

ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ల మీద బస్సులు మారుతూ జనగామలో దిగాను. బస్టాండు బయట ఒక అక్క పెనం మీద సర్వపిండి కాలుస్తోంది. ముప్పై రూపాయలు. మా ఇంట్లో దీన్ని గిన్నప్ప అంటాం, పల్లీలు ఇంకా ఎక్కువ వేస్తాం, అంచు కరకరలాడేదాకా దించం. ఆమెకు ఆ మాట చెబితే "మీ దిక్కు పల్లీలు అగ్గువనా?" అని అడిగింది. చవకేం కాదన్నాను. "మరింకేంది" అని ఇంకోటి వేసిచ్చింది.

ఊరి బయట ఒక చెరువు దగ్గర మల్లయ్య అనే పెద్దాయన వలకు చుట్టుకున్న నాచును పీకి కట్ట మీదికి విసిరేస్తున్నాడు. పచ్చటి జుట్టులా పేలికలు పేలికలుగా వస్తోంది. చేపలు పట్టుకునేవాడికి ఇది పగవాడు. నాకేమో బంగారంలా కనిపించింది.

"తాతా, నాచు కొంటున్నరట గదా. అమ్ముతలేవా?"

"అమ్మెటోన్నే. ఎండబెట్టి తెమ్మన్నరు. గిదంత ఎండాల్నంటె ఎంత జాగ గావాలె? నా ఇల్లే చారెడు."

నాలో టీచరు నిద్రలేచింది. "ఎండబెట్టుడెందుకు తాతా? నీళ్లల్ల ఉడకబెట్టే మిషన్ అది. తడిదే గావాలె వాళ్లకు."

ఆయన వల కింద పెట్టి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నువ్వు కొంటవా?"

"నేను గాదు..."

"కొనెటోడేమో ఎండబెట్టుమంటడు. కొననోళ్లేమో తడిదే మంచిదంటరు. నేనెవ్వల మాట ఇనాలె జెప్పు?"

ఈయన ఏదో పొరపాటుగా విన్నాడు అనుకున్నాను. ఆ మాట కూడా ఆయనతో అన్నాను. ఆయన ఇంకో ముద్ద నాచు విసిరాడు. అదే ముద్ద మీద కాలేసి నేను కట్ట మీద నుంచి జారాను. చెప్పు తెగింది. మల్లయ్య చెయ్యిచ్చి లేపాడు. నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడ్డాడు, పాపం. జనగామ బజారులో చెప్పుల కొట్టతను రెండు వందలన్నాడు, నూట అరవైకి ఇచ్చాడు. మా ఊళ్లో ఇదే బేరానికి అరగంట పట్టేది.

తొర్రూరు

పాలకుర్తి మీదుగా తొర్రూరు. మార్కెట్ ఊరు ఎలా ఉండాలో అలా ఉంది: ఎటు చూసినా సంచులు, ట్రాలీలు, వరంగల్ బస్సు కోసం ఒకవైపు, ఖమ్మం బస్సు కోసం ఒకవైపు అరుపులు. నాచు ఇక్కడ నాగభూషణం సేటు కొని పంపుతాడని శీను చెప్పాడు. వడ్లు, ఎరువులు, విత్తనాల కొట్టు. తాతల నాటి వ్యాపారం. నేను పేరు చెప్పుకోగానే "రాండ్రి మేడం, కూసోండ్రి" అని కుర్చీ తుడిపించాడు. వెనక ఇంట్లోంచి చాయ్, సకినాలు వచ్చాయి. ఎంత మంచి సకినాలంటే, తర్వాత జరిగిన మాటలకు నాకు కోపం రావడం కాస్త ఆలస్యమైంది.

"సేటూ, నాచు ఎండబెట్టి తెమ్మంటున్నరట, నిజమేనా?"

"నిజమే మేడం. తేమ ఉంటె తీసుకోం. వడ్లకున్న రూలే నాచుకు గూడ."

"తేమ ఎట్ల చూస్తరు?"

ఆయన నవ్వుతూ లేచి వడ్ల తేమ చూసే మిషన్ తెచ్చి గుప్పెడు నాచు వేశాడు. అంకెలు పైకీ కిందికీ గెంతి ఆగిపోయాయి. "చూసిండ్రా? గిది గూడ పరేషానైంది. వడ్లయితె పంటి కింద ఏసి కొరికి జెప్త. దీన్ని ఎట్ల కొరుకుదు? అందుకె గిట్ల." గుప్పిట్లో ఇంకొంచెం తీసుకుని చెవి దగ్గర పెట్టి నలిపాడు. "అప్పడం లెక్క ఫెళ్లుమనాలె. అనకుంటె వాపస్."

నాకు అప్పుడొచ్చింది కోపం. జనగామ చెరువు కట్ట మీద నేను తప్పు పట్టిన మనిషి చెప్పింది అక్షరాలా నిజమన్నమాట. సేటు మీద కోపం తెచ్చుకోవడానికి లేదు. పైనుంచి వచ్చిన రూలు ఆయన పాటిస్తున్నాడు. కొట్టులోంచే శీనుకు ఫోన్ చేశాను.

"ఏందిరా శీను, నీళ్లల్ల ఉడికేదానికి తేమ పరీక్ష ఏంది?"

"అరే, నీకు తెల్వదా? నాచుల తొంభై పాళ్లు నీళ్లే. లారీల నీళ్లు మోసుకొస్తమా? నువ్వు రా, వచ్చినంక చూపిస్త."

మాటలో కొంత న్యాయముంది. నీళ్లను ఊళ్లు దాటించి మొయ్యడం దండగే. కానీ చెరువు దగ్గర బట్టలో వేసి పిండితే చాలు కదా? అప్పడంలా ఎందుకు కావాలి? అడిగేలోపు శీను ఫోన్ పెట్టేశాడు. సేటు మాత్రం నా వంక జాలిగా చూసి ఇంకో రెండు సకినాలు పెట్టాడు.

దంతాలపల్లి దాటాక, తండా

దంతాలపల్లిలో ఆటో పట్టుకుని మానుకోట రోడ్డు మీద పోతున్నాను. ఒకచోట సగం తారు రోడ్డు పచ్చగా ఉంది. ఇవతలి సగంలో బళ్లు పోతున్నాయి, అవతలి సగంలో నాచు పరిచి చుట్టూ రాళ్లు పెట్టారు. ఏడెనిమిది మంది ఆడవాళ్లు ముక్కులకు కొంగులు కట్టుకుని, పాదాలతో సాళ్లు తీస్తూ దాన్ని తిరగేస్తున్నారు. మా దగ్గర వడ్లను సరిగ్గా ఇలాగే తిరగేస్తారు. ఆటో దిగి ఫోటో తీద్దామని రెండడుగులు వేశానో లేదో, ఒక గొంతు మీద పడింది.

"ఏయ్ అమ్మా! తొక్కకు! పక్కపొంటి నడు!"

ఆమె మంగ్లి. నలభై ఏళ్లుంటాయి. ఆ నాచు తీసే గుంపుకు ఆమే పెద్ద. రోడ్డు పక్కనే వాళ్ల తండా. నేను ఎవరో, ఎక్కడికి పోతున్నానో చెప్పాక గొంతు తగ్గించింది కానీ మాట తగ్గించలేదు.

"ఆ సారు నీ దోస్తా? అయితె జర జెప్పు. రెండుసార్లు తొర్రూరు తీస్కపోయినం. రెండుసార్లు తేమ ఉందని వాపస్ పంపిండ్రు. మొదట మా కల్లంల ఆరబెట్టినం, ఆరలే. గందుకే ఇప్పుడు రోడ్డు మీద ఏసినం. వడ్లకు గింతనే జేస్తరు. కాంటా కాడ మిషన్ వెట్టి, తేమ తేమ అనుకుంట కుప్ప కాడ్నే పండవెడ్తరు. ఈపారి మాత్రం ఎముకల లెక్క ఎండబెట్టినం. ఎట్ల వద్దంటరో చూస్త."

చెప్తూ చెప్తూ దగ్గింది. ఎండిన నాచు పొడి గాలికి లేచి కళ్లల్లో, గొంతులో పడుతోంది. నేను ఉత్త చేతులతో ఇంత ఎత్తి చూసినందుకే సాయంత్రానికి దద్దుర్లు వచ్చాయి. వాళ్లు మూడు వారాలుగా దాంట్లోనే ఉన్నారు. తడిగా ఉన్నప్పుడు ఈ దుమ్మే లేదు.

మంగ్లి ఇంటి గుమ్మంలో కూర్చోబెట్టి జొన్న బాటి, వెల్లుల్లి కారం, ఇంత పప్పు పెట్టింది. బాటి అంటే రొట్టే, మా వాటికన్నా మందంగా చేస్తారు. తింటుండగా ఆమె కూతురు సిరీష బడి నుంచి వచ్చింది. పదో తరగతి. "యాడీ" అని తల్లిని పిలిచి వాళ్ల భాషలో ఏదో గబగబా చెప్పింది. నాకు అర్థమయింది ఒక్కటే, లెక్కల పరీక్షలో మార్కులు. తల్లి మొహం చూస్తే మంచి మార్కులే అని తెలిసింది.

ఏటా ఈ నెలలో తండా సగం ఖాళీ అవుతుంది. మధిర, ఖమ్మం వైపు మిరప ఏరడానికి పోతారు, ఎండాకాలం దాకా అక్కడే గుడిసెలు. మంగ్లి భర్త హైదరాబాదులో కట్టడం పనిలో ఉన్నాడు. ఇంట్లో పెద్దవాళ్లు లేరు. ఆమె మిరప తోటకు పోతే సిరీష కూడా పోవాల్సిందే. పోయినేడు అలాగే పోయింది. హాస్టల్ సీటు కోసం రెండుసార్లు తిరిగారు, లేదన్నారు.

"ఈసారి నాచు దొరికింది గదా అని మిరప మేస్త్రికి రాను అని జెప్పిన" అంది మంగ్లి. "ఈ లోడు తీస్కున్నరనుకో, పిల్ల పరీక్షలు అయిపోయేదాక నేను ఈడ్నే ఉంట. తీస్కోలేదనుకో... మేస్త్రి బండి బుధవారం పోతది. ఇంకా మా జాగలు ఎవలకియ్యలే."

ఎండబెట్టక్కర్లేదు అన్న మాట ఇప్పుడు ఈమెకు ఎలా చెప్పను? అయినా చెప్పాను. ఆమె కాసేపు నమ్మలేదు. తర్వాత, "అయితె నువ్వు గూడ రా. మీ సారుకు నా ముంగట జెప్పు" అంది. సేటును మధ్యలో పెట్టుకోకుండా ఈసారి సరుకు నేరుగా ప్లాంటుకే తీసుకుపోతున్నారు. మర్నాడు మానుకోటలో వాళ్ల ట్రాలీ ఆటో ఎక్కుతానని మాటిచ్చాను.

మానుకోట

బోర్డుల మీద మహబూబాబాద్ అని ఉన్నా, నోళ్లలో మానుకోటే. లాడ్జీ గది ఆరు వందలు. గీజర్ ఉంది, పని చెయ్యదు. కింద కూర్చున్న మేనేజర్‌ని అడిగితే "వేడినీళ్లు పొద్దున ఒక్క గంటనే మేడం, అది గూడ కట్టెల పొయ్యి మీద" అన్నాడు. వేడి, నీళ్లు కలిస్తే ఏమవుతుందో చూడటానికి ఇంత దూరం వచ్చి, చన్నీళ్లతో దద్దుర్లు కడుక్కున్నాను. పక్క మందుల షాపు అతను చెయ్యి చూసి "మిర్చి మార్కెట్లకు పోయిండ్రా?" అన్నాడు. నాచు అంటే నమ్మలేదు.

మార్కెట్టుకు కూడా పోయాను. ఎర్రటి కుప్పలు, ఘాటు, అందరి మొహాలకూ రుమాళ్లు. మా దగ్గర పసుపు మార్కెట్లో ఇంతే జనం, ఇంతే గోల, కానీ హాయిగా ఊపిరి పీల్చుకోవచ్చు. ఒక ట్రక్కు వెనక మూటలు, గిన్నెలు, కోళ్ల గంపతో సహా కుటుంబాలు ఎక్కుతున్నాయి. ఆ పిల్లల్లో ఇద్దరు యూనిఫాం చొక్కాలే వేసుకుని ఉన్నారు. వేరే చొక్కాలు లేవో, వాటినే మంచివి అనుకున్నారో తెలియదు. ఆ చొక్కాలు చూశాక నేను తుమ్ముతూ లాడ్జీకి వచ్చేశాను.

చిట్యాల

పొద్దున్నే ట్రాలీ వచ్చింది. నడిపేది యాకయ్య, ఆ తండా పక్క ఊరతను. ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కున్నాం. వెనక తాళ్లు కట్టిన సంచులు, ఎండి తేలికైపోయి గాలికి ఊగుతున్నాయి. నర్సంపేట, పరకాల దాటాం. చిట్యాల రాకముందే టైరు పంక్చర్. యాకయ్య టైరు విప్పుతుంటే మేము రోడ్డు పక్క చాయ్ హోటల్లో కూర్చున్నాం. చాయ్ పది, మిర్చి బజ్జి నాలుగు ఇరవై.

పత్తి అమ్మి వస్తున్న భార్యాభర్తలు అక్కడే ఉన్నారు. సంచుల్లో ఏముందని ఆమె మంగ్లిని అడిగింది.

"నాచు అక్కా. నూనె తీస్తరంట."

"నాచుకు గూడ కాంటానా? తేమ జూస్తరా?"

"సూస్తరు."

"అయ్యో!" ఆమె తలకొట్టుకుంది. "మా పత్తి గూడ గంతే బిడ్డా. ఎండబెడితె కాంటాల తూగది. తూగాలె అని జర మంచుకు ఉంచితె తేమ అంటరు."

ఆమె భర్త నవ్వలేదు. గుడాలు పొట్లం విప్పి మా ఇద్దరికీ చెరింత పోశాడు. ఆ ఉడికిన అలసందలు చేతిలో పట్టుకుని ఆలోచించాను. ఈ దేశంలో పండించేవాళ్లకు ఒక్క మాట బాగా వంటబట్టింది: తడి అంటే తప్పు. రేపు ఎవరైనా నీళ్లే కొంటామన్నా వీళ్లు వాటిని ఆరబెట్టి తెస్తారు. అంతగా భయపెట్టి ఉంచాం. ఈ అలవాటు తెలిసి కూడా ఎవరో ఆఫీసులో కూర్చుని నాచుకు తేమ రూలు రాశారు. ఇంకెవరో దాని మీద సంతకం పెట్టారు. ఆ సంతకం ఎవరిదో ఇంకో గంటలో తెలిసింది.

భూపాలపల్లి

బొగ్గు ఊరు. రోడ్డు మీద నల్లటి దుమ్ము, ఎదురుగా పెద్ద పెద్ద టిప్పర్లు. భూమి లోపల వేడికి, బరువుకు చెట్లు బొగ్గు కావడానికి పట్టిన కాలం ఊహకు అందదు. అలాంటి పనే గంట లోపు చేసే పాత్ర ఇదే ఊరి బయట ఉందని నాకు చాలా మురిపెంగా ఉండేది. నిజం చెప్పాలంటే ఇప్పటికీ ఉంది. అందుకే ఇంత మంట.

గేటు దగ్గర సన్నటి ఇనుప గొట్టం సంచుల్లోకి గుచ్చి నమూనా తీశారు. నలిపారు. ఫెళ్లుమంది. "తేమ లేదు. ఓకే" అన్నాడు గేటు దగ్గరి మనిషి. మంగ్లి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ నిమిషం ఆమె మొహం ఎంత వెలిగిందో నేను చెప్పలేను.

తర్వాత ల్యాబు అమ్మాయి గుప్పెడు నాచును గాజు గ్లాసులో నీళ్లలో వేసి కలిపింది. కాసేపు ఆగింది. అడుగున వేలెడు మందం ఇసుక, తారు రోడ్డు కంకర పొడి.

"ఇసుక మస్తుంది అక్కా. తీసుకోరాదు."

అప్పుడే శీను వచ్చాడు. నన్ను చూసి సంతోషపడ్డాడు, గ్లాసు చూసి ఆగిపోయాడు. "నిజంగ చెప్తున్న, దీన్ని వేస్తె వాల్వులు ఖరాబైతయి. లోపల అంత ఒత్తిడి ఉంటది, నీకు తెల్సు గదా" అన్నాడు నాతో. నాకు తెలుసు. అతను అబద్ధం చెప్పడం లేదు. తిట్టడానికి నోరు తెరిచి, కెమిస్ట్రీ అడ్డం వచ్చి మూసుకున్నాను.

"సారూ, చెరువుల ఇసుక లేదు" అంది మంగ్లి. "రోడ్డు మీద ఏస్తె అంటింది. మీరు ఎండబెట్టుమన్నందుకు ఏసినం."

ఆమె చూపు శీను వెనక్కి పోయింది. షెడ్డు పక్కన సిమెంటు తొట్టి. ఇద్దరు మనుషులు ఎండు నాచు సంచులు విప్పి దాంట్లో గుమ్మరిస్తున్నారు. ఇంకొకడు పైపుతో నీళ్లు పడుతున్నాడు.

"గదేంది?" అంది.

పైపు పట్టుకున్నవాడు మంచి మనసుతోనే చెప్పాడు. "నానబెడుతున్నం అక్కా. నానితేనే మిషన్ల పోతది."

మంగ్లి తొట్టి దాకా నడిచింది. చెయ్యి ముంచి, ఉబ్బిన నాచును పైకెత్తి చూసింది. చెరువులోంచి తీసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

"మేం ఎండబెట్టుడు, మీరు నానబెట్టుడు" అంది శీనుతో. "మమ్ములను ఏమనుకున్నరు సారూ?"

ఆ తర్వాత అరిచింది నేనే. గేటు మనిషి లోపలికి వచ్చేంత అరిచాను. "మా ఆర్మూరుల పసుపును ఉడకబెట్టి ఎండబెడ్తరు. పద్ధతి. ఎండబెట్టి, నానబెట్టి, మళ్ల ఉడకబెట్టే పని ఏ ఊర్లన్న ఉందా? ఎవడు రాసిండు ఈ రూలు?"

"ఆఫీసోళ్లు. వడ్ల కొనుగోలు రూల్సే తీసుకొని పేరు మార్చిండ్రు."

"నువ్వు చదవలేదా?"

"సంతకం పెట్టిన. అప్పుడు మిషన్ బిగిస్తున్నం, టైం లేకుండె. తర్వాత లారీ ఖర్చు తక్కువైతుందని ఎవ్వలు మాట్లాడలే."

"మిషనే చెరువు కాడికి పోతె లారీ ఎందుకు?"

అతను షెడ్డు మూలకు చూశాడు. అక్కడ చక్రాల బండి మీద చిన్న ఉక్కు పాత్ర, పంపు, అంతా సిద్ధంగా ఉన్నాయి. పైన ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. ఓపెనింగ్ రోజు వేసిన బంతిపూల దండ ఎండి దాని మెడలోనే ఉంది. చెరువుల దగ్గరికి పోవడానికే తెచ్చారట. ఏ ఊరికి ముందు పంపాలో పైవాళ్లు తేల్చలేదట. జనగామలో మల్లయ్య చెరువు కట్ట, మంగ్లి తండా, అన్నీ ఈ కవరు కిందే ఉండిపోయాయి.

శీను చాలా చెప్పాడు. రూలు మార్పిస్తానన్నాడు, తర్వాతి సీజన్‌లో మొదటి బండి వాళ్ల తండాకే అన్నాడు. మంగ్లి అంతా విని, "ఈ సంచులు?" అని అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు.

ఆమె బయటికి పోయి ట్రాలీ ఎక్కి మొదటి సంచి మూతి విప్పి గేటు ముందే గుమ్మరించింది. యాకయ్య రెండోది అందుకున్నాడు. గేటు మనిషి అడ్డం పోబోతే శీను ఆపాడు. మూడు వారాల ఎండ, దగ్గు, పాదాల మంట పచ్చటి పొడిగా మా అందరి మీదా లేచింది. సంచులన్నీ ఖాళీ అయ్యాక ఆమె ఒక్కొక్కటి దులిపి, నాలుగు మడతలు వేసి, పద్ధతిగా పేర్చుకుంది.

"ఎందుకవి?" అన్నాను.

"మిరపకాయలకు పనికొస్తయి."

సిరీషను నాతో పంపమన్నాను. మా ఇంట్లో ఉంటుంది, నేను చదివిస్తాను, పరీక్షలకు తీసుకొస్తానన్నాను. మంగ్లికి కోపం రాలేదు. "నీ మనసు మంచిదే టీచరమ్మా. నిన్ననే గద చూసిన నిన్ను. నా పిల్లను ఎట్ల పంపుత?" అంది. ఆమె స్థానంలో నేనైనా పంపను.

ఆర్మూరు

ప్లాంటు నేను మళ్లీ చూడలేదు. ఉక్కు పాత్ర మూత తీసే సమయానికి బస్సెక్కేశాను. అందుకే నల్ల నూనె ఎలా ఉంటుందని అడిగేవారికి నేను చెప్పగలిగింది పుస్తకాల్లో ఉన్నదే.

ఫిబ్రవరి నడుమలో శీను ఫోన్ చేశాడు. గొంతులో హుషారు. "నీ లొల్లి పని చేసింది. రూలు మారింది. ఇగ తడి నాచే తీసుకుంటం. ఎండింది తెస్తె పైసలు కట్ చేస్తం." చివరి మాట విని నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. కట్ చేయకుండా రూలు రాయడం వీళ్లకు చేతకాదేమో. అయినా తడిది తీసుకుంటున్నారు, చక్రాల మిషన్ కవరు తీశారు, వచ్చే వారం దంతాలపల్లి వైపు పంపుతున్నారు. మంచి వార్తే. వెంటనే మంగ్లికి ఫోన్ కలిపాను. పొద్దున పదకొండు కావస్తోంది.

ఎత్తింది సిరీష. వెనక ఎవరో గట్టిగా తుమ్ముతున్నారు.

"బడికి పోలేదా?" అని నోట్లోంచి వచ్చేసింది.

"మధిర కాడున్నం టీచర్. అమ్మ పక్క సాలుల ఉన్నది. ఆగుండ్రి, ఇస్త."

మంగ్లికి అంతా చెప్పాను. తడి నాచు తీసుకుంటారని, ఎండబెట్టక్కర్లేదని, మిషనే ఊరికి వస్తుందని. ఆమె అడ్డు రాకుండా విన్నది. విన్నాక అంది:

"మంచిగైంది టీచరమ్మా. గీ మాట నేను రోడ్డు మీద పరవకముందు జెప్పుంటె, నా పిల్ల ఈయాల బడిల ఉండేది."